ట్రెమ్లెట్ గారి ఒకే ఒక్క "వద్దు"

ఆ శుక్రవారం పొద్దున ఆబ్రీ ట్రెమ్లెట్ ఉడికించిన గుడ్డు పెంకు చెంచాతో పగలగొడుతూ భార్యకు తన కార్యక్రమం చెప్పాడు. ఉద్యోగంలో అదే ఆఖరి రోజు. ఆఫీసుకు వెళ్తాడు, థార్న్‌బెక్ రైలుమార్గం మూసెయ్యొద్దని మంత్రికి చెబుతాడు, సాయంత్రం వీడ్కోలు టీ తాగి, గొడుగు తీసుకుని ఇంటికి వచ్చేస్తాడు. అంతే.

"ఏమని చెబుతావు?" అంది మ్యూరియల్.

"కొన్ని అంశాల దృష్ట్యా, మూసివేత పూర్తిగా లాభదాయకమేనా అన్నది బహుశా మరొక్కసారి..."

"ఆబ్రీ! కొంప కాలిపోతున్నా నువ్వు 'వంటింట్లో కాస్త వెచ్చగా ఉన్నట్టుంది' అనే రకం. ఆ ఆడవాళ్లకి మాటిచ్చొచ్చావు కదా? ఈ ఒక్కరోజూ నీళ్లు నమలకు. కుండ బద్దలు కొట్టినట్టు చెప్పు."

ట్రెమ్లెట్ మా రవాణా శాఖలో ఆర్థికవేత్త. లండన్ నడిబొడ్డున ఉన్న ఆ రాతి భవనంలోనే ఆయన జుట్టు నెరిసింది. మంత్రులు వచ్చారు, పోయారు. ఎవరేమడిగినా ఆయన "ఒకవైపు చూస్తే" అని మొదలుపెట్టి "మరోవైపు చూస్తే" అని ముగించేవాడు. కర్ర విరిగేది కాదు, పాము చచ్చేది కాదు. తెలివి లేక కాదు పాపం, నిక్షేపంలాంటి బుర్ర. ఫలానా పని తప్పని తెలిసి కూడా ఎన్నోసార్లు గోడ మీద పిల్లిలా కూర్చున్నాడు. మా దగ్గర దాన్ని సమతూకం అంటారు, పైగా ప్రమోషన్లు ఇస్తారు.

అలాంటివాడు కిందటి శరదృతువులో లెక్కల కోసం థార్న్‌బెక్ వెళ్లాడు. పొద్దుటి బండి నిండా బిస్కెట్ల ఫ్యాక్టరీకి వెళ్లే ఆడవాళ్లే. అందులో మిసెస్ ఓగ్డెన్ అనే పెద్దావిడ ఆయన చేతిలో ఓ శాండ్‌విచ్ పెట్టి, "లండన్ బాబువి, మా గోడు కాస్త పైవాళ్ల చెవిన వెయ్యి నాయనా. ఈ బండి పోతే మా పనులు పోయినట్టే. మా ఊరి నుంచి బస్సు కూడా లేదు" అంది. "తప్పకుండా చెబుతానమ్మా" అన్నాడు ట్రెమ్లెట్. తప్పకుండా అనే మాట తన నోట ఎలా వచ్చిందో ఆయనకు ఇల్లు చేరేదాకా అర్థం కాలేదు.

నివేదికలో ఆయన "నష్టం" అని రాశాడు. పై అధికారి దాన్ని "ఇబ్బంది" చేశాడు. ఆ పైవాడు "కొంత సర్దుబాటు" చేశాడు. ఇక నోటితో చెప్పడమే మిగిలింది. మధ్యాహ్నం మంత్రి సంతకం పెడతాడు. అందాకా ఆయన పార్లమెంటులో ఉంటాడు కాబట్టి, ట్రెమ్లెట్ తిన్నగా ఆయన కార్యదర్శి మిస్ గార్‌సైడ్ దగ్గరికి వెళ్లాడు.

"మంత్రిగారు రాగానే చెప్పండి. థార్న్‌బెక్ లైను మూయొద్దు. అది తప్పు."

రాసుకుంటున్న ఆవిడ కలం ఆగింది. "వద్దు... ఊఁ, తర్వాత?"

"తర్వాతేం లేదు."

"అయితే, కానీ లాంటివి?"

"లేవు."

"మరోవైపు చూస్తే?"

"మరోవైపు లేదండీ!"

మా శాఖలో మాటకో కొలత ఉంది. "ఇంకాస్త ఆలోచించాలేమో" అంటే కొంప మునిగిందని. "చాలా ఆసక్తికరం" అంటే చెత్తబుట్టలో పారెయ్యమని. అంత మెత్తటి మాటలకే అంతంత అర్థాలుంటే, ఉత్త "వద్దు"కు అర్థం ఏమిటో తెలిసినవాడు ఆ భవనంలో లేడు. మిస్ గార్‌సైడ్ మంచి మనిషి. ఆయన్ని మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టి, టీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసి ఇచ్చి, నర్సును పిలిపించింది.

నర్సు వస్తూనే ఆయన నోట్లో థర్మామీటర్ పెట్టింది. మాట్లాడదామంటే నోరు ఖాళీ లేదు. ఆ సమయానికే శాఖాధిపతి సర్ లయొనెల్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు గుసగుసగా.

"వద్దంటున్నారు సార్," అంది మిస్ గార్‌సైడ్.

"ఆబ్రీనా? ఓరి దేవుడా!"

"జ్వరం లేదు," అంది నర్సు.

"లేదా? అయితే ఇంకా కంగారు పడాల్సిన విషయమే." సర్ లయొనెల్ కాసేపు గడ్డం నిమురుకున్నాడు. ఆ తర్వాత ఆయన ముఖం విప్పారింది. "అర్థమైంది ఆబ్రీ. నీతో చేరినవాళ్లందరికీ రాణిగారి పతకం వచ్చింది, నీకే రాలేదు. కడుపు మండదూ మరి! ఇవాళే నీ పేరు పంపిస్తాను."

ట్రెమ్లెట్ థర్మామీటర్ లాగేశాడు. "నాకు పతకం వద్దు!"

సర్ లయొనెల్ కళ్లు చెమర్చాయి. మాలో పతకం కావాలనుకున్నవాడెవడూ కావాలని అనడు. "చూశారా, ఎంత మనసు పడ్డాడో!"

"అయ్యా, నాకు రైలు కావాలి! రైలు!"

"రిటైరయ్యే మగవాళ్లకి ఇది మామూలే సార్," అంది నర్సు ధైర్యం చెబుతూ. "మా బావగారు కూడా ఇంతే. మేడ మీద గదంతా బొమ్మ రైళ్లే."

ఇక చూసుకోండి. వీడ్కోలు కానుకగా కొన్న గోడ గడియారం వెనక్కి వెళ్లింది. ఇద్దరు గుమస్తాలు బొమ్మల దుకాణానికి పరుగెత్తారు. ట్రెమ్లెట్ లేవబోతే నర్సు పడుకోబెట్టి దుప్పటి కప్పింది. నలతగా ఉన్నప్పుడు అన్న మాటలు మంత్రికి చేరవేసి పెద్దాయన పరువు తీయడం మిస్ గార్‌సైడ్‌కు మనస్కరించలేదు. ఆ కాగితం మడిచి చేతిసంచిలో పెట్టేసుకుంది. అందరూ మంచివాళ్లే, అదే ఖర్మ.

సాయంత్రం టీ సమయానికి ఆయన్ని విడిచిపెట్టారు. కేకు కోశారు. మంత్రి స్వయంగా వచ్చి, ఎర్ర రిబ్బను కట్టిన బొమ్మ రైలు చేతిలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ట్రెమ్లెట్ రైలును బల్ల మీద పెట్టి, మంత్రి చేయి వదలకుండా అన్నాడు:

"థార్న్‌బెక్ లైను మూయొద్దు సార్. ఆ ఊళ్లో ఆడవాళ్లు పనులకెళ్లే దారి అదొక్కటే. మూస్తే వాళ్ల బతుకు తెల్లారినట్టే. తప్పు సార్ అది."

మంత్రి నవ్వు మాయమైంది. "ఈ మాట పొద్దున ఎందుకు చెప్పలేదయ్యా?"

"పొద్దుటినుంచీ అదే చెబుతున్నాను."

"నాకు ఒక్కరూ చెప్పలేదు! నాకూ మనసొప్పక, సంతకం పెట్టేముందు మీ సర్ లయొనెల్‌ను అడిగాను, ఎవరైనా వద్దంటున్నారా అని. ఒక్కడు వద్దన్నా ఆపేసేవాణ్ణి. 'ట్రెమ్లెట్‌కి కాస్త నలతగా ఉంది, దుప్పటి కప్పి పడుకోబెట్టాం, అయినా ఆయన ఎప్పుడూ దేన్నీ వద్దనలేదు' అన్నాడు." మంత్రి గొంతు తగ్గించాడు. "నిజమేనా? ఇన్నేళ్లలో ఒక్కసారైనా వద్దన్నారా?"

"లేదండీ."

"ఒక్కసారి అనుంటే, ఇవాళ మీకు దుప్పటి కప్పేవాళ్లు కాదు కదా."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పార్లమెంటులో ప్రకటన కూడా అయిపోయింది. వెనక్కి తీసుకుంటే ప్రభుత్వం పరువు పోతుంది. ట్రెమ్లెట్ కిటికీ పక్కన నిలబడి, తన ఎదుట కూర్చుని వెళ్లిన పాత మంత్రులను ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. వాళ్లలో ఎందరు తన నోట ఇదే మాట వినాలని ఎదురుచూసి, విసిగి, సంతకం పెట్టి ఉంటారు! ఆయనకు ఏడుపొచ్చింది. మా భవనంలో ఏడవడం అలవాటు లేక, ముక్కు చీదుకున్నాడు.

తర్వాతి వారం ఎవరూ పంపకపోయినా తనే టికెట్ కొనుక్కుని థార్న్‌బెక్ వెళ్లాడు. ప్లాట్‌ఫారం మీద మూసివేత నోటీసు అంటించి ఉంది. మిసెస్ ఓగ్డెన్ దాని కింద బెంచీ మీద కూర్చుని ఉంది.

"మాటిచ్చావు కదా నాయనా," అంది. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే ఆయన్ని ఎక్కువ బాధించింది. "చెప్పావా?"

"చెప్పానమ్మా. మూయొద్దని తెగేసి చెప్పాను."

"మరి పెద్దవాళ్లు ఏమన్నారు?"

ట్రెమ్లెట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకు జ్వరం లేదన్నారు."