భోజనానికి ముందే ధూపం

ఆ ఉదయం లూల్వా మనసులో ఉన్న పని ఒక్కటే. మధ్యాహ్నం భోజనానికి వస్తున్న చెల్లెలు హెస్సా మధ్యలో లేచి వెళ్ళిపోకుండా చూసుకోవాలి.

ఇద్దరూ కువైట్‌లోనే, కారులో పావుగంట దూరంలో ఉంటారు. అయినా హెస్సా ఈ గడప తొక్కి ఏడేళ్ళయింది. అప్పుడు కాఫీ సగంలో ఉండగానే పనిమనిషి తొందరపడి ధూపపాత్ర తెచ్చేసింది. అక్కడ ధూపం పట్టడమంటే అతిథులకి వీడ్కోలు చెప్పడమే. అది వచ్చాక ఇంకెవరు కూర్చుంటారు? హెస్సా లేచి చెప్పులు వేసుకుంది. "మా అక్క నన్ను పొగబెట్టి పంపించింది" అని చుట్టాలందరికీ చెప్పింది.

అందుకే లూల్వా కోడలికి పదిసార్లు చెప్పింది. "దలాల్, నేను చెప్పేదాకా ధూపం బయటికి రాకూడదు."

"సరే అత్తా. పాత్ర మీ గదిలోనే పెట్టాను, మీరే కాపలా కాయండి."

కాపలా కాస్తూ కూర్చున్న లూల్వాకి ఒక ఆశ పుట్టింది. అమ్మ పోయేముందు ఇచ్చిన ఊదు, ధూపం వేసే సువాసన చెక్క ముక్క, రేకు డబ్బాలో దూది మధ్య ఉంది. బొటనవేలంత. అందులోంచి గోరంత గీకి బట్టలకి పట్టిస్తే, చెల్లెలు కౌగిలించుకున్నప్పుడు అమ్మ గుర్తుకు రాదూ?

నిప్పులు రాజేసింది. గీకబోతుంటే వేళ్ళు జారాయి. ముక్కంతా నిప్పుల్లో పడింది.

చెక్క అంచున నల్లటి నూనె బుసబుసమని పొంగింది. నీలంగా ఒక పొగ తీగ లేచింది. మొదట పచ్చి తేనె, వెనకే వానకి తడిసిన తోలు, ఆ తర్వాత పాత పెట్టె అడుగున మడతపెట్టిన పట్టు. ఆ వాసన మెడ ఒంపులోకి, చేతుల మడతల్లోకి వెచ్చగా పాకింది. పట్టకారు పట్టుకున్న లూల్వా ముక్కని తియ్యడం మర్చిపోయి కళ్ళు మూసుకుంది.

అనుకున్నదానికంటే ముందే వచ్చిన హెస్సా గొంతు వాకిట్లో వినిపించింది. లూల్వా గబుక్కున కుర్చీలో కూర్చుని, పాత్రని పొడుగు గౌను కిందకి తోసింది.

హెస్సా లోపలికొచ్చి ఆగిపోయింది. "ఇంకా కూర్చోనేలేదు, అప్పుడే ధూపమా అక్కా?"

"ధూపమా? ఎక్కడే?" అంది లూల్వా. గౌను రెండు చేతుల్లోంచీ, మెడ దగ్గరా పొగ వస్తోంది.

వెనకే వచ్చిన దలాల్ కెవ్వుమంది. "అత్తా, కాలిపోతున్నారు!" కుర్చీ కిందనుంచి పాత్ర లాక్కుని బయటికి పరిగెత్తింది. దగ్గరి దారి మగ అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలోంచే.

అక్కడ హెస్సా కొడుకు బద్ర్‌తో కలిపి పదిమంది భోజనం కోసం ఎదురుచూస్తున్నారు. కోడలు స్వయంగా ధూపం తెచ్చిందనుకుని అందరూ నిలబడ్డారు. పాత్ర చేతులు మారింది. తలగుడ్డలు తెరిచి, గడ్డాలు చాచి పొగ పట్టుకున్నారు. ఒకాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అటువంటి ఊదు ఎవరూ ఎరుగరు. ధూపం పట్టాక కూర్చోవడం మర్యాద కాదు కనుక, దీవెనలు చెప్పి ఆకలి కడుపులతో ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

"అన్నం తిని వెళ్ళండి!" అని దలాల్ గుమ్మంలో అరిచింది. మొహమాటానికి అంటోందనుకుని ఇంకా త్వరగా నడిచారు.

లోపల హెస్సా చేతిసంచి తీసుకుని లేచింది. తలుపు దాకా వెళ్ళి నిలబడిపోయింది. ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకుంది.

"ఇది అమ్మది కదూ?"

"అవునే."

"ఎంత వేశావు?"

"అంతా పడిపోయింది." లూల్వా ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఇక ఇంట్లో ఊదు లేదు. నిన్ను పంపించాలన్నా నాకు దారి లేదే."

"అల్మారాలో బజారు ఊదు డబ్బా ఉంది కద..." అంటూ వచ్చిన దలాల్, అత్త చూపు చూసి నోరు మూసుకుంది.

హెస్సా నెమ్మదిగా వచ్చి అక్క పక్కన కూర్చుంది. అక్క చేతిని ముక్కుకి ఆనించుకుని చాలాసేపు వదల్లేదు. ఫోన్ మోగింది. గేటు ముందు కారులో బద్ర్.

"అమ్మా, ధూపం అయిపోయింది కదా, వచ్చెయ్."

"అది మగవాళ్ళకిరా. నాకింకా ఎవరూ ధూపం పట్టలేదు. నువ్వెళ్ళు."

పన్నెండు మందికి వండిన చేపల అన్నం ఆ అక్కచెల్లెళ్ళిద్దరికీ మూడు రోజులు సరిపోయింది.