రంగు దిగిన స్టేడియం సభ

ఆదివారం పొద్దున లేస్తూనే ఇస్త్రీ బాబాయ్ ఆ రోజు ఏం చేయాలో ఖాయం చేసుకున్నాడు. హోటల్ వాళ్ల దుప్పట్లు ఒక వాయి ఉతికి ఆరేయాలి. పెందలాడే షట్టరు దించేయాలి. కడుపునిండా తిని ఫ్యాను కింద నడుం వాల్చాలి. సాయంత్రం టౌన్ హాల్లో జరిగే స్టేడియం మీటింగుకి మాత్రం ఛస్తే వెళ్లకూడదు. అందుకోసం నడుం నొప్పి తెచ్చుకోవాలా, తలనొప్పి తెచ్చుకోవాలా అన్నదొక్కటే ఇంకా తేలలేదు.

ఆయన లాండ్రీ ఇంటి ముందుగదిలోనే నడిచేది. మడత నలగకుండా బట్టలిస్తాడు, మనసు నలగకుండా మాట్లాడతాడు అని ఆయనకు పేరు. అలాంటి మనిషికి ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది.

జట్టు ఆడుతున్న మైదానం బాగా పాతబడింది. వానపడితే గోల్‌పోస్టు ముందు గోల్‌కీపర్‌తో పాటు కప్పలు కూడా నిలబడేవి. గ్యాలరీ రేకులు కారి, గొడుగు లేనివాళ్లు ఆట చూడలేకపోయేవారు. వచ్చే సీజను నుంచి అక్కడ ఆడనిచ్చేది లేదని లీగ్ వాళ్లు తేల్చేశారు. ఈ ఆదివారానికల్లా ఊరంతా ఒక మాట మీదికి రాకపోతే జట్టు వెళ్లి పక్క ఊరి మైదానంలో ఆడుకోవాలట. పక్క ఊరి చేతిలో ఓడిపోయినా ఓర్చుకుంటారు గానీ, వాళ్ల పంచన ఉండడమంటే ఈ ఊరివాళ్లకు తల తీసేసినట్టే.

ఆ ఒక్క మాటా కుదరక ఊరు రెండైంది. బైపాస్ అవతల కొత్త స్టేడియం కట్టాలనేవాళ్లు ఎర్ర టీషర్టులు వేసుకోవాలనుకున్నారు. పాత చోటు వదిలేది లేదన్నవాళ్లు తెల్లవి. ఎర్రవాళ్ల నాయకుడు డ్రిల్లు మాస్టారు. బురదలో కాళ్లు విరగ్గొట్టుకున్న ఆటగాళ్లను సొంత భుజాల మీద ఆస్పత్రికి మోసినవాడు, బాబాయ్‌కి స్వయానా బావగారు. తెల్లవాళ్ల నాయకురాలు ఆ మాస్టారి చెల్లెలే. అంటే బాబాయ్ భార్య. ఊరందరికీ పిన్ని.

గొడవ మొదలైనప్పటినుంచీ అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. ఒకే గదిలో కూర్చున్నా బాబాయ్ నోటితోనే మాట్లాడుకునేవారు.

"ఏవండీ, టీ చల్లారిపోతోందని మీ బావగారికి చెప్పండి."

"బావా, నాకు చల్లారిన టీయే ఇష్టమని మీ ఆవిడకి చెప్పు."

బాబాయ్ అటూ ఇటూ చెప్పేవాడు. మీరే వైపండీ అని ఎవరైనా నిలదీస్తే, "ఎక్కడ ఆడినా బట్టలు మాయక తప్పదు కదండీ" అని తప్పుకునేవాడు.

ఆ ఆదివారం దుప్పట్లు మిషన్లో వేయబోతుంటే పెరటి తలుపు దగ్గర పిల్లి నడకలాంటి అడుగుల చప్పుడైంది. చూస్తే డ్రిల్లు మాస్టారు, చంకలో పెద్ద మూట.

"బావా, మా టీషర్టులు. నిన్నే వచ్చాయి. వేసుకుంటే ఒకటే దురద. గోక్కుంటూ ఉపన్యాసమిస్తే ఎవడు వింటాడు? మధ్యాహ్నానికల్లా ఒక్క ఉతుకు ఉతికిపెట్టు. మా చెల్లాయికి తెలిసిందో, నీకూ నాకూ చెల్లు!"

"దాని కంట పడకుండా ఎలా బావగారూ? ఇల్లు ఇదే, కొట్టు ఇదే!"

"అది నీ తెలివి," అని మాస్టారు వచ్చినట్టే వెళ్లిపోయాడు.

బాబాయ్ మూట విప్పాడు. నెత్తుటి రంగు ఎరుపు. గుండెల మీద "కొత్త స్టేడియం కావాలి" అని పెద్దపెద్ద అక్షరాలు. ఇంతలో లోపలినుంచి పిన్ని చెప్పుల చప్పుడు వినిపించింది. బాబాయ్ ఎర్ర చొక్కాలన్నీ చేతికందినట్టు మిషన్లో కుక్కి, పైన హోటల్ దుప్పట్లు కప్పి మూత వేశాడు.

పిన్ని చేతిలోనూ ఒక మూట ఉంది.

"ఏవండీ, మా వాళ్ల టీషర్టులు. ఆ అచ్చు వేసినవాడెవడో గానీ ఒళ్లంతా దద్దుర్లే. ఒక్కసారి ఉతికిద్దాం. మా అన్నయ్యకి మాత్రం తెలియకూడదు." అంటూనే మిషను మూత తీసింది. "లోపలేంటివి?"

"హోటల్ దుప్పట్లు."

"తెల్లవేగా? ఇవీ తెల్లవే. కలిపేద్దాం."

"వద్దు!"

"ఎందుకొద్దు?"

బాబాయ్ నోరు తెరిచాడు. నిజం చెబితే బావగారు ఊరుకోడు. అబద్ధం ఒక్కటీ తట్టలేదు. "హోటల్లో పడుకునేవాళ్లకి దురద పుడుతుందేమోనని..." అన్నాడు నీరసంగా.

"మీ జాలి మండిపోనూ! ఇక్కడ మేం గోక్కుని చస్తుంటే!" అని పిన్ని మూటంతా గుమ్మరించి, పౌడరు పోసి, మీటని వేడినీళ్ల దాకా తిప్పేసింది. "కొత్త బట్టలకి వేడి తగిలితేనే మెత్తబడతాయి."

అంతటితో వెళ్లినా బాగుండేది. స్టూలు లాక్కుని మిషను ఎదురుగా కూర్చుని ఉపన్యాసం వల్లె వేయసాగింది. "సోదర సోదరీమణులారా!" అనగానే మిషను గడగడలాడేది. అది చప్పట్లనుకుని ఆవిడ ఉత్సాహం రెట్టింపయ్యేది. మూలనున్న తూములోంచి గులాబీ రంగు నురగ పోవడం బాబాయ్ ఒక్కడే చూశాడు. వెళ్లి తూముకి అడ్డంగా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"అలా నిలబడ్డారేంటి?"

"నడుం నొప్పి."

పిన్నికి ఫోనొచ్చి లోపలికెళ్లాక ఆయన మూత తీశాడు. ఎరుపు లేదు, తెలుపు లేదు. అన్నీ పసిపాప బుగ్గల్లా లేత గులాబీ రంగులో మెరిసిపోతున్నాయి. అచ్చు కూడా వేడికి ఊడిపోయింది. చాలావాటి మీద ఏమీ మిగల్లేదు. కొన్నిటిమీద "కావాలి" అని మాత్రం ఉంది. "పాత మైదానమే ముద్దు" అని వేయించుకున్న పిన్ని వాళ్ల చొక్కాల్లో కొన్నిటిమీద "ముద్దు" ఒక్కటే మిగిలింది. ఒకదానికి బ్లీచింగు పట్టించి చూశాడు. అది బొల్లి మచ్చలు తేలి మరీ అసహ్యమైంది. ఇక హోటల్ దుప్పట్ల వైపు చూసే ధైర్యమే ఆయనకు లేకపోయింది.

ఏ చొక్కా ఎవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, కంటి అందాజుతో రెండు వాటాలు వేసి, పళ్లతో విప్పినా రానంత గట్టిగా మూటలు కట్టాడు.

"హాల్లోకి వెళ్లేదాకా విప్పకండి బావగారూ. ఇస్త్రీ వేడి పోతే ముడతలు పడతాయి," అని పెరటి గుమ్మంలో చెప్పాడు. "హాల్లోకి వెళ్లేదాకా విప్పకు. ముడతలు పడతాయి," అని వీధి గుమ్మంలో చెప్పాడు.

"మీరూ వస్తున్నారుగా, మూట మోయడానికి?" అంది పిన్ని.

"నాకు నడుం నొప్పి కదా..."

"అయితే నెత్తిన పెట్టుకోండి."

హాలుకి రెండు పక్కలా రెండు గదులున్నాయి. ఎర్రవాళ్లు ఒకదాంట్లో, తెల్లవాళ్లు ఒకదాంట్లో మూటలు విప్పారు. వెంటనే ఆ పక్కనుంచి "బావా!" అనీ, ఈ పక్కనుంచి "ఏవండీ!" అనీ రెండు కేకలు ఒకేసారి లేచాయి. బాబాయ్ స్తంభం చాటుకు చేరాడు.

"ఎర్రవి వెలిసిపోయినట్టున్నాయి. పర్లేదు," అన్నాడు మాస్టారు తమాయించుకుని. "రంగు పోతే పోయింది, అందరం ఒకేలా ఉండాలి. తెల్లవాళ్ల ముందు తలోరకంగా కనిపిస్తే పరువు పోతుంది. వేసుకోండి!"

అవతలి గదిలో పిన్ని కూడా అటూ ఇటుగా ఇదే మాట అంది.

రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. రెండు వైపులనుంచీ గులాబీ రంగు మనుషులు లోపలికొచ్చి నోళ్లు వెళ్లబెట్టి నిలబడిపోయారు. అదే సమయానికి అధ్యక్షుడు గంట కొట్టాడు. ఆయన ఊళ్లో పళ్ల డాక్టరు, ఎవరు నోరు తెరిచినా కంగారుపడడు. "కూర్చోండి, కూర్చోండి!" అనేసరికి ఎవరికి దొరికిన కుర్చీలో వాళ్లు కూలబడ్డారు.

బాబాయ్ ముందు వరసలో ఒక రిటైరైన పోస్ట్‌మాన్, ఒక బేకరీ యజమాని పక్కపక్కన పడ్డారు. ఒకాయన చొక్కా మీద "ముద్దు", రెండో ఆయన మీద "కావాలి".

"వాళ్లకి బుద్ధి లేదండీ," అన్నాడు పోస్ట్‌మాన్, బిస్కెట్ పొట్లం ముందుకు చాపుతూ.

"ఇసుమంత కూడా లేదు," అన్నాడు బేకరీ ఆయన, రెండు తీసుకుని.

"ముసలాళ్లం బస్సు లేని చోటికి ఎలా వెళ్తామనుకున్నారో!"

"అదే కదా! కారుతున్న రేకుల కింద ఎన్నాళ్లు తడవమంటారో!"

ఇద్దరూ నమలడం ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తమరు... ఏ వైపు?"

"తమరో?"

బిస్కెట్లు అప్పటికే సగం అయిపోయాయి. ఒకే పొట్లంలో చేతులు పెట్టినవాళ్లు కొట్టుకుంటే బాగోదు. "బస్సు లేకపోవడం కష్టమే లెండి," అన్నాడు బేకరీ ఆయన. "తడవడమూ కష్టమే," అన్నాడు పోస్ట్‌మాన్.

హాలంతా ఇదే తంతు. అధ్యక్షుడు లెక్క తేల్చుదామని "ఎర్రవాళ్లు లేచి నిలబడండి" అన్నాడు. ఎవరూ లేవలేదు. "పోనీ తెల్లవాళ్లు?" ఎవరూ లేవలేదు. "మరి మీరంతా ఎవరండీ?" అన్నాడాయన.

పిన్ని మాట్లాడడానికి లేచింది. ఆవిడకు అందిన చొక్కా మోకాళ్ల దాకా వేలాడుతోంది. వల్లె వేసిన ఉపన్యాసమంతా మర్చిపోయింది.

"మా నాన్న నన్నో భుజం మీద, మా అన్నయ్యనో భుజం మీద కూర్చోబెట్టుకుని అక్కడే ఆట చూపించేవాడు," అంది మెల్లగా. "ఆ చోటు పోతే ఆ భుజాలు పోయినట్టుంటుంది నాకు. అంతే."

చప్పట్లు మోగాయి. ఎటునుంచి ఎవరు కొడుతున్నారో తెలియలేదు. ఎవరి మీద అరవాలో తెలియక ఎవరూ అరవలేదు. మొహాన్ని మరింత బిగించుకుని డ్రిల్లు మాస్టారు లేచాడు. గుండెల మీద స్పష్టంగా "ముద్దు".

పిన్ని ఆపుకోలేకపోయింది. "అన్నయ్యా, నీ చొక్కా చూసుకున్నావా?"

మాస్టారు వంగి చదువుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు చొక్కా వేసుకున్నావా, దుప్పటి కప్పుకున్నావా? ముందు అది చూసుకో!"

ఇద్దరూ ఒకేసారి పకపక నవ్వారు. మధ్యలో బాబాయ్ అవసరం లేకుండా వాళ్లు మాట్లాడుకోవడం చూసి బాబాయ్ కళ్లు చెమ్మగిల్లాయి.

"నాకు మాత్రం ఆ చోటంటే చేదా?" అన్నాడు మాస్టారు గొంతు సవరించుకుని. "పిల్లల కాళ్లు విరక్కుండా ఉంటే చాలు. బురద లేకపోతే నేనెక్కడికీ వెళ్లమనను."

అప్పుడు మున్సిపాలిటీ ఇంజినీరమ్మ భయం భయంగా లేచింది. పాపం ఆవిడ ప్రతి మీటింగులోనూ లేచేది, ఎర్రవాళ్లు తెల్లవాళ్ల మనిషనీ, తెల్లవాళ్లు ఎర్రవాళ్ల మనిషనీ అరిచి కూర్చోబెట్టేవారు. ఈ రోజు అరిచేవాళ్లే లేరు. గోడ మీద ఊరి పటం తగిలించి పుల్ల పట్టుకుంది.

"పాత చోటే ఉంచుకుని కొత్త స్టేడియం కట్టొచ్చండీ. మైదానాన్ని అడ్డంగా తిప్పి, ఎత్తు చేసి, నీళ్లు పోయే దారి పెడితే చాలు. ఎవరూ ఎక్కడికీ కదలక్కర్లేదు."

"ఈ ముక్క ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?" అని హాలు మొత్తం ఒక్క గొంతుతో అడిగింది. ఇంజినీరమ్మ నిట్టూర్చింది.

"ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి!" అన్నాడు అధ్యక్షుడు. గులాబీ చేతులన్నీ లేచాయి. గొడవ వదిలిందన్న ఆనందంలో బాబాయ్ రెండు చేతులూ ఎత్తాడు. "ఏకగ్రీవం!" గంట మోగింది. మాస్టారు చెల్లెల్ని దగ్గరికి తీసుకున్నాడు. పోస్ట్‌మాన్ పొట్లం దులిపి ఆఖరి బిస్కెట్ విరిచి బేకరీ ఆయనకు సగమిచ్చాడు.

"ఒక్క చిన్న విషయం," అంది ఇంజినీరమ్మ, పుల్లను పటం మీద జరుపుతూ. "అడ్డంగా తిప్పితే కొత్త గ్యాలరీ ఈ వెనక వీధిలోకి వస్తుంది. దారిలో ఒకే ఒక్క కట్టడం అడ్డం. ఇదేదో... లాండ్రీ అనుకుంటా."

బాబాయ్ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

"కంగారెందుకు?" అన్నాడు అధ్యక్షుడు. "గ్యాలరీ కింద మంచి కొట్టూ, ఇల్లూ కట్టిస్తాం, జట్టు బట్టలన్నీ మీకే. అది పూర్తయ్యేదాకా బైపాస్ అవతల ఖాళీ స్థలముందిగా, అక్కడ షెడ్డు వేయిస్తాం."

"అంత దూరమా!" అన్నాడు బాబాయ్ భార్య వైపు చూసి.

నిన్నటిదాకా ఆ చోటుని అడవి అన్న పిన్ని, "దూరమేంటండీ? గాలి బాగా ఆడుతుంది, బట్టలు ఇట్టే ఆరిపోతాయి. కదూ అన్నయ్యా?" అంది.

"నీళ్లు కూడా పుష్కలం చెల్లాయ్," అన్నాడు మాస్టారు.

ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ బయటికి నడిచారు. వాళ్ల వెనకే జనమంతా పాడుకుంటూ వెళ్లిపోయారు. స్టేడియం ఎక్కడుండాలన్న విషయంలో ఇస్త్రీ బాబాయ్‌కి జీవితంలో మొదటిసారి గట్టి అభిప్రాయం ఏర్పడింది గానీ, అడగడానికి హాల్లో ఎవరూ మిగల్లేదు.