నక్షత్రానికి పసుపు

...తాకకుండా ఉండటం కూడా ఒక పనే, నిజానికి అదే కష్టమైన పని, అనుకుంటూ ఉమాకాంత్ కాఫీ కప్పుతో గరాజ్ తలుపు ముందు నిలబడ్డాడు. పాత సైనిక ట్రక్కు కొన్నాక ఆరు నెలల పాటు శని, ఆదివారాలన్నీ తడి ఉప్పుకాగితంతో దాని రంగులు పొర తర్వాత పొర గీకాడు. బానెట్ పక్క రేకు మీద అమెరికా సైన్యం గుర్తు, తెల్ల నక్షత్రం, బయటపడిన రోజున చెయ్యి ఆపేశాడు. అప్పటినుంచి దాని మీద దుమ్ము పడితే నోటితో ఊదుతాడు తప్ప గుడ్డ తగలనివ్వడు.

పదకొండింటికి పాత సైనిక వాహనాల క్లబ్బు నుంచి నైనిక వస్తుంది. ఆ నక్షత్రం యుద్ధకాలం నాటి అసలు రంగేనని ఆమె సంతకం పెడితే, సోమవారం ఫార్మింగ్టన్ హిల్స్‌లో జరిగే పరేడ్‌లో అతని బండి ముందు వరసలో నడుస్తుంది. ఆఫీసులో అందరికీ చెప్పేశాడు. ఆమె కాదంటే ఏమిటన్నది మాత్రం ఆలోచించలేదు. అది ఆలోచించకుండా ఉండటానికే ఇన్నాళ్లూ గీకాడేమో.

తలుపు పైకి లేచింది. నక్షత్రం పసుప్పచ్చగా ఉంది.

పక్కనే అత్తగారు మీనాక్షమ్మ, చేతిలో ఖాళీ గిన్నె.

"బండి ఊరేగింపుకి వెళుతోంటే పూజ చెయ్యకపోతే ఎలా బాబూ? ముగ్గు వేసి బోసిగా వదిలేశారు. నిండుగా మెత్తాను."

"అది ముగ్గు కాదు అత్తయ్యగారూ. ఎనభై ఏళ్ల నాటి రంగు."

"అందుకే వెలిసిపోయింది. ఇప్పుడు చూడండి, ఎంత కళగా ఉందో."

పాత రంగుకి బేకింగ్ సోడా హాని చెయ్యదని ఫోన్ చెప్పింది. ఉమాకాంత్ తడిగుడ్డతో సోడా అద్ది మెల్లగా రుద్దాడు. నక్షత్రం ఎర్రబడింది. భయపడి గట్టిగా రుద్దాడు. రక్తంలా ఎర్రబడింది.

కుక్కతో అటు వెళుతున్న పక్కింటి పెద్దాయన, సైన్యంలో పాతికేళ్లు చేసినవాడు, ఆగి చూశాడు. ఇది రష్యావాళ్లదా అని అడిగాడు. ఉమాకాంత్ పూజ గురించి ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకునేలోపు కుక్కను దగ్గరికి లాక్కుని వెళ్లిపోయాడు.

"సోడా తగిలితే పసుపు ఎర్రబడదూ?" అంది మీనాక్షమ్మ. "సున్నం కలిపి దిష్టినీళ్లు చేస్తామే, ఇదీ అంతే. పోన్లెండి, బండికి దిష్టి కూడా తీసేశారు."

"నాకు తెల్లగా కావాలండీ."

"నిమ్మకాయ పిండితే పచ్చబడుతుంది."

"పచ్చగా కాదు, తెల్లగా."

"ఎరుపుకన్నా నయమే కదా బాబూ."

ఆ మాట కాదనలేకపోయాడు. పూజకని చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు తీసి ఆమె కోసి పిండింది. సోడా మీద పులుపు పడగానే నక్షత్రం బుసబుసమని పొంగింది. నురగ గంజిలా రేకు మీదుగా జారింది. దానితోపాటు నక్షత్రం కోణం ఒకటి ఊడి నేలమీద పడింది.

సరిగ్గా అప్పుడే కారు ఆగింది.

"హాయ్ అంకుల్," అంది నైనిక, భూతద్దం తీస్తూ. "దీనికి... బబుల్స్ వస్తున్నాయి."

ఆరు నెలలుగా మనసులో వల్లె వేసుకున్న ఉపన్యాసంలోంచి ఉమాకాంత్‌కి రెండు మాటలే మిగిలాయి. "మా అత్తయ్యగారు," అన్నాడు.

నైనిక వంగి చాలాసేపు చూసింది. గోటితో అంచు గీరింది.

"సారీ అంకుల్. ఈ స్టార్ ఆర్మీది కాదు. ఇది ఇంటి గోడల పెయింట్. ఎవరో తర్వాత వేశారు."

ఉమాకాంత్ ట్రక్కు మెట్టుమీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఊపిరి బిగబట్టి కాపాడింది ఎవరింటి గోడ రంగో.

"కానీ ఇక్కడ చూడండి," ఆమె గొంతు మారింది. కోణం ఊడినచోట ముదురాకుపచ్చ మీద మసక నీలంలో నాలుగు అంకె కనిపిస్తోంది. "ఇది ఒరిజినల్. రిజిస్ట్రేషన్ నంబర్. మిగతాది స్టార్ కింద ఉంటుంది. సాండ్‌పేపర్ పెట్టి ఉంటే ఇదీ పోయేది. ఇంత నీట్‌గా ఎవరు తీశారు?"

'నేనే' అన్న మాట ఉమాకాంత్ నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది.

"ఇంకెవరమ్మా, మా అల్లుడుగారే," అంది మీనాక్షమ్మ, చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

ఉమాకాంత్ లేచాడు. మిగిలిన నిమ్మచెక్క తీసి రెండు చేతులతో అత్తగారికి అందించాడు.

ఆమె కొంగు బొడ్డులో దోపి, వెలుతురుకి అడ్డం తప్పుకోమంది.