వంద పిల్లలకొక సీసా

కోడిపిల్లలు చావడం ఊరికి మంచిదండీ! కర్ర తీసుకుని వచ్చేముందు నేను చెప్పేది వినండి.

పొద్దున్నే గంప ఎత్తేసరికి, రాత్రి దాకా కీచుకీచుమన్న పిల్ల కాళ్లు చాచి పడి ఉంటుంది. గాయం లేదు, నెత్తురు లేదు, పిల్లి వచ్చిన జాడ లేదు. ఇక చూడండి, వీధి వీధంతా డాక్టర్లే! గుడివాడ నుంచి బందరు వెళ్లే దారిలో ఉన్న మా ఊళ్లో, భ్రమరాంబ గారింట మొదటి పిల్ల పోయిన రోజున, ఏ కాలేజీ గడపా తొక్కకుండానే ముగ్గురు స్పెషలిస్టులు తయారయ్యారు. సెల్ టవర్ రేడియేషన్ అన్నారు పెద్దిరాజు గారు. చేపల చెరువుల్లో చల్లే మందు వాసన అంది పక్కింటి సువర్ణ. గోవర్ధనరావు గారు చచ్చిన పిల్లను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి, పదిహేడు దండాలు సంపాదించారు. బతికున్న కోడిపిల్ల వల్ల ఇంత విజ్ఞానం పుడుతుందా?

భ్రమరాంబ గారికి మాత్రం బెంగ పట్టుకుంది. మనవరాలు హాసిని బక్కప్రాణం. రోజూ గుడ్డు పెట్టమన్నారు డాక్టర్లు. ఆ పిల్లేమో ఇంటి కోడి గుడ్డు తప్ప కొన్న గుడ్డు ముట్టదు. ఉన్న ఒక్క పెట్టా ముసలిదైపోయింది, ఈ పిల్లలే దాని ఆఖరి కాన్పు. అందుకే ఆవిడ ఆటో ఎక్కి పశువుల ఆసుపత్రికి వెళ్లారు.

"ఈ తెగులుకి టీకా ఉందమ్మా. కంట్లో చుక్క వేస్తే సరిపోద్ది. కాకపోతే సీసా వంద పిల్లలకి. మూత తీస్తే రెండు గంటల్లో వాడెయ్యాలి. మీకెన్ని ఉన్నాయి?" అన్నాడు డాక్టరు.

"ఏవో ఉన్నాయండీ, దేవుడి దయవల్ల."

"ఏవో అంటే తీయలేనమ్మా. మీ వీధంతా కలిసి వంద చేసుకు రండి."

చిక్కల్లా ఇక్కడే ఉంది. మా వైపు కోడిపిల్లల్ని లెక్కపెట్టి చెప్పకూడదు, దిష్టి! నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందంటారు, గుప్పెడంత కోడిపిల్ల ఎంత? ఆవిడ ఇల్లిల్లూ తిరిగారు.

"నీకెన్ని ఉన్నాయే సువర్ణా?"

"ఎక్కడివి పిన్నీ, రెండో మూడో. మరి నీకు?"

"నాకూ అంతేనమ్మా, ఒకటో రెండో."

సువర్ణ వెనకాలే డజనుకు పైగా పిల్లలు చెత్తకుప్ప కెలుకుతున్నాయి. ఇద్దరూ వాటిని చూడనట్టే మర్యాదగా విడిపోయారు. వీధి మొత్తం మీద తేలినవి ఇరవై మూడు. ఇరవై మూడింటికి సీసా మూత తీస్తారా? రూల్ రూలే కదండీ!

నాలుగు రోజుల్లో వీధిలో కీచుమనే ప్రాణి లేకుండా పోయింది. లాభాలు చూడండి! గద్దకు కాపలా కాయక్కర్లేదు. నూకలు చల్లక్కర్లేదు. వాకిట్లో రెట్టలు లేవు. పిల్లిని తిట్టేవాళ్లు లేరు. అన్నిటికీ మించి, మా వీధి నిజం చెప్పడం మొదలెట్టింది! చచ్చినవాటికి దిష్టి తగలదుగా.

"పద్నాలుగు పిన్నీ, పద్నాలుగూ పోయాయి!" అని సువర్ణ గుండెలు బాదుకుంది. పెద్దిరాజు గారివి పంతొమ్మిదట. గోవర్ధనరావు గారివి ఇరవై రెండట. మిగతా ఇళ్లవాళ్లూ ఎవరి దుఃఖం వాళ్లు అంకెతో సహా చెప్పుకుంటుంటే, భ్రమరాంబ గారు అరుగు మీద ముగ్గుపిండితో పిల్లకో చుక్క పెడుతూ కూర్చున్నారు. చివర్లో తనవి పదకొండు చుక్కలూ పెట్టి, మొదటి నుంచి లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు.

నూట పద్దెనిమిది.

"సువర్ణా," అన్నారు ఆవిడ. "రెండో సీసా కూడా తీయాల్సొచ్చేదే."