ఏడో డివిజన్ కెప్టెన్ అధికారాలు

మానవజాతి ఎన్నో పదవులు కనిపెట్టింది గానీ, అధికారం బొత్తిగా లేకుండా బాధ్యత మాత్రమే ఉన్న పదవి ఒక్కటే ఉంది. అది ఏడో డివిజన్ క్రికెట్ జట్టు కెప్టెన్ పదవి. (ఎనిమిదో డివిజన్ లేదు. ఉంటే మేం అందులోనే ఉండేవాళ్లం.) ఎంత చేతకాని రాజుకైనా యుద్ధానికి ముందురోజు తన సైన్యం ఉందో లేదో తెలిసేది. నాకు ఆదివారం పొద్దున టాస్ వేసేదాకా ఆ సంగతి తెలియదు.

కెప్టెన్ అనగానే జనం ఫీల్డింగ్ సర్దడం, బౌలర్లను మార్చడం, ఎత్తుకు పైఎత్తు వేయడం ఊహించుకుంటారు. పిచ్చివాళ్లు! కెప్టెన్ పని మనుషుల్ని పోగేయడం. లీగ్ నిబంధన ప్రకారం టాస్ వేళకు కనీసం ఏడుగురు ‘సజీవ క్రీడాకారులు’ మైదానంలో కనిపించాలి. (‘సజీవ’ అన్న మాట మా వికెట్ కీపర్‌ను చూశాక చేర్చారు.) కనిపించకపోతే మ్యాచ్ ఓడినట్టే. ఒక సీజన్‌లో మూడుసార్లు అలా ఓడితే జట్టే రద్దు. దీన్ని అమలు చేయడానికి క్రీడాస్ఫూర్తి పరిరక్షణాధికారి అని ఒకాయన ఉన్నాడు. గొడుగు కింద కుర్చీ వేసుకుని, మెడలో విజిల్‌తో తలలు లెక్కపెడుతుంటాడు. క్రీడాస్ఫూర్తి ఆయనకు ఇంతవరకు ఎక్కడా తారసపడలేదు గనుక అది క్షేమంగానే ఉందనుకోవాలి.

ప్రతి వారం మధ్యలో నేను ఫోన్ గ్రూపులో ‘ఆదివారం ఎవరెవరు వస్తున్నారు?’ అని అడుగుతాను. జవాబుగా బొటనవేళ్లు లేస్తాయి. కొత్త కెప్టెన్లు ఇక్కడే మోసపోతారు. మా జట్టులో బొటనవేలంటే వస్తానని కాదు, రానని కూడా కాదు. నీ మాట నా చెవిన పడింది, ఇక విసిగించకు, నా ఇష్టమొచ్చినట్టు నేను చేసుకుంటాను అని దాని అర్థం.

ఆ వచ్చేవాళ్లయినా ఊరికే రారు. మా జట్టులో ప్రతివాడూ ఒక షరతు మీద వస్తాడు. పళ్ల డాక్టరుకు ఓపెనింగ్ ఇవ్వాలి. ఆయన అవుటైనా వెంటనే వెళ్లడు, కాసేపు అక్కడే నిలబడి ఆలోచిస్తాడు. అంపైరు ఏమీ అనలేడు, ఆయన పన్ను ఒకటి డాక్టరు దగ్గర సగం చికిత్సలో ఉంది. వ్యాన్ డ్రైవరుకు కొత్త బంతి ఇవ్వాలి. జట్టులో దాదాపు అందరూ వచ్చేది అతని వ్యాన్‌లోనే కాబట్టి అతని స్వింగ్ గురించి ఎవరూ నోరెత్తరు. కీపింగ్ మా బామ్మర్దికి ఇవ్వాలి, లేకపోతే వాళ్లక్కతో చెబుతాడు. మూడో స్థానం సిద్ధాంతిది. అది అతని అసలు పేరు కాదు. పదిహేను పరుగులకు అవుటై, గంటసేపు బ్యాటింగ్ గురించి ఉపన్యాసం ఇస్తాడు కాబట్టి అలా పిలుస్తాం. ఒకడి షరతు తీరిస్తే ఇంకొకడికి మంట. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఇన్ని షరతులు తీర్చాక కెప్టెన్‌కు మిగిలేది చిట్టచివరి స్థానం. నేను ప్యాడ్లు కట్టుకుని, పరుగున వెళ్లి, ఇవతలి కొసన నిలబడి ఊపిరి పీల్చుకునేలోగా అవతలివాడు అవుటవుతాడు. కెప్టెన్‌నై ఐదేళ్లయింది. ఇంతవరకు ఒక్క బంతి నా బ్యాటుకు తగల్లేదు.

ఇది మా ఆవిడ కనిపెట్టింది.

“అయిదేళ్లుగా మీ తెల్ల ప్యాంటు ఉతుకుతున్నా. మోకాలి దగ్గర ఒక్క గడ్డి మరకైనా లేదు. ఆడ్డానికి వెళ్తున్నారా, ఫొటో దిగడానికా?”

“కెప్టెన్‌నే నేను!”

“ఈ ఆదివారం వచ్చి చూస్తా. బ్యాటు పట్టి ఆడారా, సరే. లేదంటే వచ్చే సీజన్ నుంచి ఆదివారాలు ఇంటికే.”

అది సీజన్‌లో ఆఖరి మ్యాచ్. అప్పటికే రెండుసార్లు మనుషుల్లేక ఓడాం. మూడోసారి జరిగితే జట్టుండదు, నేను బ్యాటు పట్టకపోతే నేనుండను. అందుకని జీవితంలో మొదటిసారి నేనూ ఒక షరతు పెట్టాను. ‘ఈసారి నాలుగో స్థానం నాది. అందరూ రండి, కుదిరితే ఇంకొకరిని వెంటబెట్టుకు రండి’ అని గ్రూపులో రాశాను. టపటపా బొటనవేళ్లు లేచాయి. వాటి అర్థం లోకానికి చాటిన నేనే వాటిని చూసి మురిసిపోయాను. ఆరోజే తెల్ల ప్యాంటు ఇస్త్రీ కూడా చేసుకున్నాను.

ఆదివారం మైదానానికి వెళ్లేసరికి అందరూ ఉన్నారు! జట్టు రద్దయితే ఆదివారాలు ఇంట్లో గడపాల్సి వస్తుందన్న భయం ఒక్కొక్కడి మొహంలో కనిపిస్తోంది. పైగా వ్యాన్ డ్రైవరు తన తోడల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆరడుగుల మనిషి, సొంత బ్యాటు.

పరిరక్షణాధికారి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. “పన్నెండుగురా? ఇదేం చోద్యమయ్యా?” అన్నాడు. మనుషులు తక్కువైతే ఏం చేయాలో ఆయన దగ్గర బోలెడు నిబంధనలున్నాయి. ఎక్కువైతే ఏం చేయాలో తెలుసుకోవాల్సిన అవసరం ఏడో డివిజన్‌లో ఎవరికీ పడలేదు.

ఒకరు తప్పుకోవాలి. “డాక్టరుగారూ, ఈ ఒక్కసారికి...” అన్నాను.

“పేషెంట్లను వదిలేసి వచ్చానండీ. ఒకాయన నోరు తెరిచే ఉంది.”

డ్రైవరు వైపు తిరిగాను. “మా తోడల్లుణ్ణి తీసేస్తే నేనూ వెళ్లిపోతా. నేను వెళ్తే వ్యాన్ వెళ్తుంది. వ్యాన్ వెళ్తే వీళ్లంతా వెళ్తారు. ఆలోచించుకోండి మరి,” అన్నాడు.

బామ్మర్ది అయితే చూపుడువేలితో గట్టు చూపించాడు. “అదుగో అక్క కూర్చుంది. తీసెయ్ బావా, తీసెయ్, చూద్దాం.”

అప్పుడు సిద్ధాంతి గొంతు సవరించుకున్నాడు. “అసలు కెప్టెన్ ఆడి తీరాలని ఎక్కడుంది?”

పరిరక్షణాధికారి పుస్తకం తిరగేశాడు. కెప్టెన్ టాస్ వేయాలి. సంతకం పెట్టాలి. కిట్ బ్యాగు మోయాలి. జట్టు చేసిన తప్పులన్నిటికీ క్షమాపణ చెప్పాలి. ఆడాలని ఎక్కడా లేదు.

“ఇంకేం మరి! ఆ నాలుగో స్థానం మా తోడల్లుడికి ఇచ్చేయండి,” అన్నాడు డ్రైవరు.

“నాలుగో స్థానం నాదని గ్రూపులో అందరూ ఒప్పుకున్నారు కదయ్యా!”

“ఒప్పుకున్నామా?” పళ్ల డాక్టరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. “బొటనవేలే కదండీ పెట్టాం.”

నేను టాస్ వేశాను. గెలిచాను కూడా. (రికార్డుల్లో నా వ్యక్తిగత ప్రదర్శన ఇదే.) తరవాత గట్టు మీద మా ఆవిడ పక్కన కూర్చుని, నా స్థానంలో తోడల్లుడు బంతుల్ని రోడ్డు మీదికి పంపడం చూశాను. బంతి పోయిన ప్రతిసారీ లేచివెళ్లి వెతికి తెచ్చాను. అది కూడా కెప్టెన్ పనేనట.

మేం గెలిచాం. జట్టు పుట్టాక మొదటిసారి. తోడల్లుణ్ణి భుజాల మీద ఎత్తుకున్నారు. ఆ ఫొటో తీసింది నేనే. “కెప్టెన్సీ అంటే ఇదండీ!” అని సిద్ధాంతి నా చెయ్యి ఊపేశాడు. వచ్చే సీజన్‌కూ నన్నే కెప్టెన్‌గా, ఇదే స్థానంలో కొనసాగించాలని అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించి, అందరూ వ్యాన్ ఎక్కారు. తోడల్లుడు ఎక్కువ కావడంతో వ్యాన్‌లో ఒక సీటు తక్కువైంది. కిట్ బ్యాగుకీ నాకూ చోటు లేకపోయింది.

బ్యాగు మోసుకుంటూ నడుస్తున్నాను. మా ఆవిడ నా ప్యాంటు వైపు ఒకసారి చూసింది.

“ఉతకక్కర్లేదు, మడతపెట్టి లోపల పెట్టేస్తా. ఇక మానేస్తున్నారు కదూ?”

బ్యాగు ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకుని, బొటనవేలు పైకెత్తి చూపించాను.