ఆకు మీద ఆకు బొమ్మ

ఓ అల్లుడా, నిన్నే! ఆ ఫినాయిల్ సీసాను సంచి అడుగున దాచకు, నేను చూశాను. దాని మీద పచ్చటి ఆకు బొమ్మ ఉందని కొన్నావు కదా? సిగ్గుపడకు. పెద్దవంగర దగ్గర మా ఊళ్లో నీకంటే ఘనులున్నారు. వాళ్లలో అగ్రగణ్యుడు నా బావమరిది మధుకర్.

మధుకర్ ఈమధ్య కొత్త ఇల్లు కట్టి పర్యావరణానికి ఎనలేని సేవ చేశాడు. అడ్డమొచ్చిన రెండు వేపచెట్లను కొట్టించి, ఆ వైపు గోడకు పచ్చరంగు వేయించాడు. రంగు డబ్బా మీద ఆకు ఉంది. వాకిట్లో ప్లాస్టిక్ గడ్డి పరిపించాడు. దానికి నీళ్లు పోయనక్కర్లేదు కాబట్టి భూగర్భ జలాలు మిగిలాయి. బట్టల సబ్బు, బొద్దింకల మందు, చివరికి ప్లాస్టిక్ చీపురు కూడా ఆకు బొమ్మ లేనిదే గడప దాటరాదని ఉత్తర్వు జారీ చేశాడు. ఇప్పుడా ఇంట్లో ఎక్కడ చూసినా ఆకులే. నీడ ఒక్కటే లేదు.

గృహప్రవేశం దావత్‌కు ఎనిమిది వందల మోదుగాకు ఇస్తర్లు కావాలని, ఊళ్లో విస్తరాకులు కుట్టి బతికే చంద్రమ్మకు ముందే చెప్పాడు. ఆ ముసలామె నెల రోజులు ఆకు కోసుకొచ్చి, ఆరబెట్టి, పుల్లలతో కుట్టింది. తీరా గంప దించాక మధుకర్ మాట మారింది.

“అవ్వా, ఏమనుకోకు. దావత్ పర్యావరణ పద్ధతిల చేస్తున్నం. పట్నం నుంచి ప్లేట్లు తెప్పిచ్చిన. గిగో, ఆకు బొమ్మ ఉన్నది, ఎకో ఫ్రెండ్లీ అని రాసున్నది. నీ దాని మీద ఏమన్న ఉన్నదా?”

“ఆకు మీద ఆకు బొమ్మ ఎందుకు పటేలా? గిది ఆకే గద!”

“ఆకే అని రుజువేంది?”

చంద్రమ్మ దగ్గర రుజువు లేదు. ఆమె నా వైపు తిరిగింది. “గింత పెద్ద దావత్‌ల వద్దంటే, రేపటి సంది నా ఇస్తర్లు ఊళ్లె ఎవలు అడుగుతరు బిడ్డా? నాకు ఇంకో పని రాదాయె.”

నేను ప్లేట్ల పెట్టె తిప్పి చూశాను. నా చదువు ఆరో తరగతిలో సగం. ఎకో ఫ్రెండ్లీ పక్కన చిన్న నక్షత్రం గుర్తుంది. దాని సంగతేమిటో పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మధుకర్ బిడ్డ అక్షితను పిలిచి చదివించాను.

“మామా, గీ మాట అట్టపెట్టెకు మాత్రమే వర్తిస్తదట.”

“మరి ప్లేట్లకు?”

“ప్లేట్ల గురించి ఏం రాయలే.”

ప్లేటును గోరుతో గీకితే ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్ పొర లేచింది. దాన్ని మధుకర్ ముక్కు ముందు ఊపాను.

“బావా, కంపెనోళ్లు నీకంటే తక్కువ చదివిండ్రా?” అన్నాడు.

నిజమే. అందుకే నేను కూడా కంపెనీ పెట్టాలని తీర్మానించుకున్నాను. మానుకోటలో ధర్మేందర్ ఫోటో స్టూడియోకు వెళ్లి ఎనిమిది వందల స్టిక్కర్లు కొట్టించాను. ఒక ఆకుకు బదులు రెండు ఆకులు, మధ్యలో భూగోళం, చుట్టూ ‘ప్రపంచ ఆకుల మండలి ఆమోదం’. సర్టిఫికెట్ నంబరు లేకపోతే బాగుండదని మా బర్రె చెవి బిళ్ల మీది నంబరు వేయించాను.

స్టిక్కర్లు అంటిస్తుంటే చంద్రమ్మకు భయమేసింది. “అబద్ధం గాదా బిడ్డా?”

“నీ ఇస్తరి నిజమే అవ్వా. నిజానికి జర అబద్ధం అంటియ్యకపోతే మా బామ్మర్ది తీస్కోడు.”

ఫారిన్ సరుకని చెప్పి కట్టలు మధుకర్ ముందు పెట్టాను. ఒకటి తీసి వాసన చూశాడు. కళ్లు చెమ్మగిల్లాయి. “కంపెనీ మాల్ అంటే గిది బావా! అచ్చం మోదుగాకు లెక్కనే చేసిండ్రు!” పట్నం ప్లేట్లను అప్పటికప్పుడు వాపసు పంపించాడు.

దావత్ దివ్యంగా జరిగింది. అతిథులు ఇస్తరిని తిరగేసి ముందు స్టిక్కరు చదివి, తర్వాతే అన్నం పెట్టించుకున్నారు. రిటైర్డు టీచర్ మోతీలాల్ నంబరు లెక్కపెట్టి, పన్నెండంకెలున్నాయి కాబట్టి అంతర్జాతీయమేనని తేల్చాడు. మధుకర్ మైకు అందుకున్నాడు.

“అన్నలారా, అక్కలారా! భూమాతను కాపాడుడు మా ఇంటి సంది షురువైంది. గీ ప్లేట్లు పారేస్తె మట్టిల కలుస్తయ్. సైన్సు గంత ముందుకు పోయింది. మన తాతలకు గిసొంటియి తెలుసా?”

తెలియదని అందరూ చప్పట్లు కొట్టారు. నేను మరీ గట్టిగా కొట్టాను.

మరునాడు పొద్దున, ఊరందరినీ ఎట్లా బురిడీ కొట్టించానో తలచుకుని నవ్వుకుంటూ ఎంగిలి ఇస్తర్లు పారేసిన దిక్కు వెళ్లాను. మేకలు నాకంటే ముందే వచ్చి ఆకులన్నీ తినేసి, తీరిగ్గా నెమరు వేస్తున్నాయి. నేల మీద స్టిక్కర్లు మాత్రం ఎండకు తళతళలాడుతున్నాయి. ఒకటి తీసి చింపబోయాను. సాగింది, చిరగలేదు. మేకలకు చదువు రాదు కదా, ఒక్క స్టిక్కరును కూడా ముట్టలేదు.

వెనక నుంచి చంద్రమ్మ వచ్చి నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

“పటేలు ప్లేట్లు వాపసు పాయె. నా ఇస్తర్లు మేకల కడుపులకు పాయె. దావత్ మొత్తంల ప్లాస్టిక్ తెచ్చినోనివి నువ్వొక్కనివే బిడ్డా.”

నేను వంగి స్టిక్కర్లు ఏరడం మొదలుపెట్టాను.

“జర పైలంగ ఏరు, ఒక్కటి గూడ పోనియ్యకు,” అంది చంద్రమ్మ. “పొద్దుగాల్నే మూడిండ్లోళ్లు ఇస్తర్లు చెప్పిపోయిండ్రు. స్టిక్కరుంటెనే తీస్కుంటరట.”