ఉప్పుకాగితం జోలపాట

మా ఆయన దర్జీ. కొత్త బట్టలు కుట్టే దర్జీ కాదు, పాతవి విప్పి సరిచేసే దర్జీ. అన్న చొక్కా తమ్ముడికి, అమ్మ గౌను కూతురికి, పెళ్లికి ముందరి ప్యాంటు పెళ్లి తర్వాతి నడుముకి. ఊళ్లో సగం మంది ఒంటి మీద ఉన్నది ఆయన మరమ్మతే.

అలాంటి మనిషి, మా దొరసాని పుట్టిన రోజునే శాసనం చేశారు. "నా కూతురికి సెకండ్ హ్యాండ్ వస్తువేదీ ఈ గడప దాటి రాకూడదు. నేను ముగ్గురు అన్నల చొక్కాల్లో పెరిగాను. ఆ ముచ్చట నాతో సరి!"

దొరసాని అంటే మా అమ్మాయి. పేరు వేరే ఉంది కానీ వాలకం చూశాక ఈ పేరే నిలిచింది. బుట్టలో పడుకోబెడితే అంచు పట్టుకుని లేచి నిలబడి, ఊరేగింపులో ఉన్నట్టు అటూ ఇటూ చూస్తుంది. ఆ బుట్ట ఒరిగి పిల్ల ఎప్పుడు పడుతుందోనని నాకు ఒకటే గుబులు. పిల్ల తుమ్మితే నేను మంచమెక్కే రకాన్ని.

"ఏమండీ, దీనికి చుట్టూ ఊచలున్న మంచం కావాలి."

"కొందాం. కొత్తది."

షాపుకి వెళ్లాం. మంచం చూశాం. ధర విన్నాం. ఒక్క మాటైనా అనుకోకుండానే ఇద్దరం, అసలు గొడుగుల కోసం వచ్చినవాళ్లలా పక్క వరసలోకి నడిచాం.

"వచ్చే ఏడాది చూద్దాంలే," అన్నారు బయటికొచ్చాక.

"వచ్చే ఏడాదికి అది తలుపు గడియ తీసుకుని బజారుకెళ్తుంది."

అప్పుడు వేశాను పథకం. పాతసామాన్ల బాబాయి కొట్లో ఊచల మంచం ఒకటి ఉంది. నల్లగా, జిడ్డుగా, వార్నిష్ పొలుసులు లేచి, ఎండకి పడుకున్న మొసలిలా ఉంది. కొయ్య మాత్రం గట్టిది. దాన్ని మెరిపించి, మా పుట్టింటివాళ్లు కొత్తది పంపారని చెప్పేస్తే పోలా!

"ఇంతకుముందెప్పుడైనా చెక్క రుద్దావా అమ్మా?" అన్నాడు బాబాయి.

"గిన్నెలు రుద్దాను."

"ఇంచుమించు అదే," అని ఒక ఉప్పుకాగితాల కట్ట ఇచ్చాడు. ఒకవైపు ఇసుక అంటించిన గరుకు కాగితాలవి. "చెక్కలో చారలు ఎటు పోతే అటే రుద్దు, అడ్డంగా రుద్దకు. ఆ దుమ్ము పిల్ల దగ్గరికి పోనీకు."

ఆ ఆఖరి మాట నాతో అనకుండా ఉండాల్సింది. మంచాన్ని విడదీసి, పడగ్గది గోడకి ఆనుకుని ఉన్న రేకుల కొట్టులో దాచాను. ఆయన పనికెళ్లగానే ముక్కుకి గుడ్డ కట్టుకుని కాసేపు రుద్దడం, తలస్నానం చేసి పిల్లని చూసి రావడం, మళ్లీ రుద్దడం, మళ్లీ తలస్నానం.

"ఏమోయ్, ఈమధ్య ఎప్పుడు చూసినా తల తడిగానే ఉంటోంది?"

"ఉక్కండీ."

"బయట వాన పడుతోంది."

"వాన ముందరి ఉక్క."

అయితే ఒక విచిత్రం జరిగింది. జోల పాడినా, భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగినా కన్ను మూయని దొరసాని, గోడ అవతల సర్‌ర్ సర్‌ర్ మని నేను రుద్దడం మొదలుపెట్టగానే హాయిగా నిద్రపోయేది. ఆపితే లేచేది. నేను మంచం కోసం రుద్దుతున్నానో, నిద్ర కోసం రుద్దుతున్నానో నాకే తెలియకుండా పోయింది.

ఆదివారం వచ్చింది. ఆయన ఇంట్లో ఉన్నారు, కొట్టు తలుపు మూసి ఉంది. దొరసాని ఇల్లు పీకి పందిరేసింది. ఆయన పాడారు, ఊపారు, గుర్రమయ్యారు. ఫలితం లేదు. ఇక తట్టుకోలేక వంటింట్లోకి వెళ్లి, కూరగాయలు కోసే చెక్క మీద ఉప్పుకాగితం వేసి రుద్దాను. పిల్ల టక్కున పడుకుంది.

ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఏంటది?"

"చెక్క గరుకెక్కింది. కూరగాయలకి గుచ్చుకుంటోంది."

"కూరగాయలకా?"

"ఊఁ."

ఆయన నా కనుబొమల వైపు ఓసారి చూసి వెళ్లిపోయారు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

రుద్దడం పూర్తయింది. లోపలి నుంచి తేనె రంగు కొయ్య బయటపడింది. ఒకటే లోపం. ఊచల కొనల దగ్గరా, పట్టీల మీదా ఎవరో ఉలితో గాట్లు పెట్టారు. ఒకచోట ఒకటి, ఒకచోట రెండు, ఒకచోట మూడు. ఎంత మొరటు మనిషో! దొరసాని చిటికెన వేలు అందులో ఇరుక్కుంటే? ఒక్క గాటు వదలకుండా లప్పం పూసి, అద్దంలా నున్నగా చేశాను.

మర్నాడు బిగించడానికి కూర్చున్నాను. ఒక ఊచ దూరదు, ఇంకోటి దూరి గిరగిరా తిరుగుతుంది. ఎలాగో కొట్టి కొట్టి నిలబెడితే, మంచం పక్కింటివాళ్ల మాటలు వింటున్నట్టు ఓ వైపుకి ఒరిగింది. ఊచల మధ్య టీ గ్లాసు పెట్టి చూశాను. అవతలికి దూరిపోయింది! రేపు పిల్ల తల కూడా ఇలాగే దూరితే? అక్కడే కూలబడి ఏడ్చేశాను.

"లే, నేను చూస్తాను," అని వినపడింది. తలెత్తితే ఆయన, మెడలో టేపుతో సహా.

ఊచలన్నీ ఊడదీసి, ఒక్కోదాని కొన వెలుతురుకి పెట్టి చూస్తూ, దాని కన్నంలో దాన్ని పెడుతూ పోయారు. టక్, టక్, టక్. కాసేపటికి మంచం నిటారుగా నిలబడింది. మళ్లీ గ్లాసు పెట్టాను. ఎక్కడా దూరలేదు.

"ఎలా తెలిసింది మీకు?"

"చొక్కా చేతిని చంక దగ్గర కలిపి కుట్టడానికి మేం గుడ్డ మీద గాటు పెడతాం. ఒక గాటుది ఒక గాటుకి, రెండు గాట్లది రెండు గాట్లకి. వడ్రంగి పనీ అంతే. నువ్వు వాటి మీద లప్పం పూస్తావని భయమేసి, ముందే కొనల మీదా కన్నాల్లోనూ సుద్దతో గుర్తులు వేసి పెట్టాను."

"అంటే... మీకు ముందే తెలుసా?"

"వానలో ఉక్కపోసే ఇల్లాలి కనుబొమల నిండా చెక్కపొడి ఉంటే తెలియదా?"

నా తల కిందికి దిగింది. "మరి సెకండ్ హ్యాండ్ వద్దన్నారుగా?"

"ఆ మాట అందామనే ఈ రేకుల కొట్టులోకి వచ్చాను." ఆయన ఊచ మీద అరచెయ్యి నెమ్మదిగా జరిపారు. "నువ్వు రుద్దింది ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మా అన్నల చొక్కాలు నాకు ఊరికే తొడిగేసేవాళ్లు. నా ఒంటికి సరిపోవాలని ఎవరూ ఇంత కష్టపడలేదు. కొత్తదంటే ఇదే."

ఆయన మళ్లీ దర్జీ కొట్టుకి వెళ్లిపోతుంటే వెనక నుంచి చూస్తూ ఉండిపోయాను. అన్ని రోజులూ తెలిసి కూడా, నా గుట్టు నాకే వదిలేసి, చీకటి కొట్టులో గుర్తులు వేసుకున్న మనిషి!

దొరసానిని కొత్త మంచంలో పడుకోబెట్టాం. లేచి నిలబడింది. ఊచలు పట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నిద్ర మాత్రం పోలేదు. పోదు కదా, రుద్దడం అయిపోయింది!

చేసేదిలేక ఆయన గుడ్డ కొలిచే తన గజంబద్ద తెచ్చి ఉప్పుకాగితంతో రుద్దారు. రెండు నిమిషాల్లో గుర్రు. వారం తిరిగేసరికి గజంబద్ద మీద అంకెలు పోయాయి. ఊళ్లో ఇద్దరి చొక్కాల చేతులు పొట్టివయ్యాయి.

నిన్న భుజం మీద ఒక చిన్న కుర్చీ మోసుకుంటూ వచ్చారు. నల్లగా, జిడ్డుగా, మొసలికి తమ్ముడిలా ఉంది.

"ఇదేమిటండీ, పాతది!"

"నీ కూతురు పగలు పడుకోవద్దా?"

నా చేతులకి ఇక విశ్రాంతి అనుకున్నదాన్ని, నోరు మూసుకుని ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. కుర్చీ విడదీసి చూస్తే, ప్రతి ముక్క కొన మీదా సుద్ద గుర్తులు అప్పటికే వేసి ఉన్నాయి.